ముసురు దినములలో డ్రయ్యరు సంరక్షణము

రాజవొమ్మంగి పేరు వినగానే ఆంధ్రులకు 1922వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన అల్లూరి సీతారామరాజు ఆ యూరి పోలీసు ఠాణాపై జరిపిన దాడి స్ఫురించును. అది వానకాలము. తూర్పు కనుమల నడుమ, అడవుల చెంతనున్న ఆ సీమకు వానకాలమనిన నేటికిని సామాన్యమైనది కాదు. జూను మాసమున ముసురు మొదలైనది మొదలు సెప్టెంబరు దాటువఱకు గెడ్డలు పొంగుచుండును; బాటలు బురదయగును; దండెము మీది చీర మూడవనాటికిని తడి వీడదు. వీరగాథలు వ్రాయువారికి ఈ తడిచీర స్మరణకు రాకపోవచ్చును గాని, ఇల్లు నడపు స్త్రీకి మాత్రమది నిత్యసమస్య.

తడి వీడని బట్ట కట్టుట యలవాటైన యింట తామర మొదలగు చర్మవ్యాధులు త్వరగా వ్యాపించును. పసిబిడ్డల పొత్తిగుడ్డలు, స్త్రీలు బహిష్టు దినములలో వాడుకొను వస్త్రములు చక్కగా నారుట ఆరోగ్యమునకు మిక్కిలి ముఖ్యము. సిగ్గుచేత చీకటి మూలలలో, ఇతర బట్టల చాటున వానిని ఆరవేయు ఆచారము ఇకనైనను మానవలెను. వానికే యెల్లవాటికంటె ముందు గాలియు వెలుతురును దొరకవలెను.

ఈ యవసరము తీర్చుటకు అనేక గృహములలో రెండు తొట్లుగల ఉతుకు యంత్రము చేరినది. అందు చిన్నతొట్టిని మనవారు డ్రయ్యరని పిలుతురు. పాశ్చాత్యదేశములలో ఆ పేరుగల యంత్రము వేడిగాలితో బట్టల నారబెట్టును. అమెరికాలో జార్జి శాంప్సను అను నతడు 1892లో పొయ్యివేడిమితో బట్టల నార్చు చట్రమునకు హక్కుపత్రమును పొందెను. పొయ్యిపైని అటకమీద వస్తువుల నారబెట్టుకొను మన పల్లె స్త్రీలకు ఆ యూహ క్రొత్తదిగా తోచదు. మన డ్రయ్యరు పద్ధతి వేఱు. అది బట్టలను వేడి చేయదు. నిమిషమునకు 1,300 పర్యాయములకు మించి గిరగిర తిరిగి, తొట్టి రంధ్రముల గుండ నీటిని వెలికి చిమ్మును. ఒక లీటరు నీటిని ఆవిరిగా మార్చుటకు యూనిటు విద్యుత్తులో సుమారు మూడింట రెండువంతులు కావలెను. 150 వాట్ల మోటారు 5 నిమిషములు తిరిగినచో నయ్యెడు ఖర్చు యూనిటులో 80వ వంతు మాత్రమే. తక్కిన కొద్దిపాటి తడిని గాలికి విడుచుటయే మనకు లాభము. బరువైన దుప్పట్లను పిండి పిండి మణికట్లు నొచ్చు స్త్రీకి ఇది గొప్ప సాయము.

అయితే యంత్రము చెడినచో బాగుచేయువాడు నర్సీపట్నమునుండియో ఏలేశ్వరమునుండియో రావలసియుండును. ముసురులో అతడెన్నడు వచ్చునో! కావున ఏ చిహ్నము దేనిని తెలుపునో గృహిణి యెఱిగియుండుట మేలు.

తొట్టి తిరుగక, చప్పుడును చేయకున్నచో, ముందుగా కరెంటున్నదో లేదో, ప్లగ్గు సరిగా బిగిసినదో లేదో చూడవలెను. పిదప మూతను చూడవలెను. మూత పూర్తిగా మూసికొననిదే లోపలి స్విచ్చి కలియదు. బట్ట అంచు మూతలో చిక్కినను యంత్రము కదలదు. ఇవి యన్నియు సరిగానున్నచో లోపము టైమరుదో తీగలదో అయియుండును. అది పనివాని వంతు.

మోటారు గుంయ్యని మ్రోగుచు తొట్టి తిరుగకున్నచో వెంటనే ఆపవలెను. అట్లే విడిచినచో మోటారు వేడెక్కి కాలిపోవును. దీనికి కారణములు ముఖ్యముగా నాలుగు. 230 వోల్టులు రావలసిన చోట కరెంటు మిక్కిలి తక్కువగా వచ్చుట మొదటిది. అప్పుడు దీపములును మసకబారును గావున సులభముగా గుర్తింపవచ్చును. చేతిరుమాలో పసివాని మేజోడో జారి రెండు తొట్ల నడుమ చిక్కుట రెండవది. ప్లగ్గు తీసి, టార్చిలైటుతో చూచి, మెల్లగా వెలికి తీయవలెను. బ్రేకు పట్టి విడువకుండుట మూడవది. కండెన్సరు బలహీనపడుట నాలుగవది. కండెన్సరును మాత్రము గృహిణులు ముట్టరాదు. ప్లగ్గు తీసిన తరువాతను అందు కొంత విద్యుత్తు నిలిచియుండవచ్చును.

యంత్రము ఎగిరెగిరి పడినచో అది చాలవఱకు మన సర్దుబాటు లోపమే. బట్టలను ఒకప్రక్క గుట్టగా వేయక, చుట్టును సమముగా అడుగువఱకు నొక్కి, పైన పలుచని మూతబిళ్ళ నుంచవలెను. ఒంటి దుప్పటిని వేయునప్పుడు మఱింత జాగ్రత్తగా చుట్టవలెను. మట్టినేల యిండ్లలో నాలుగు కాళ్ళును సమముగా నిలుచునట్లు క్రింద చదునైన రాతిపలక నుంచవలెను. ఇంత చేసినను కొట్టుకొనుచున్నచో క్రింది స్ప్రింగులు సడలినవని తలంపవచ్చును.

బట్టలు చాలినంత తడి వీడకున్నచో మురుగు గొట్టమును పరీక్షింపవలెను. అది మెలిపడినను, ఎత్తుగా నున్నను, నూలుపోగులతో పూడినను నీరు వెలుపలికి పోక తొట్టి చుట్టును నిలిచి వేగమును తగ్గించును. సబ్బునురుగు కూడ అట్లే చేయును. కావున జాడించిన పిదపనే బట్టలను డ్రయ్యరులో వేయవలెను. పని ముగిసిన వెంటనే మూతవేయక కొంతసేపు తెరచియుంచినచో ముక్కవాసన పట్టదు. పిల్లలున్న యింట ప్లగ్గు తీసిన పిదపనే మూత తెరచియుంచవలెను. యంత్రము అడుగున ఎలుక దూరి తీగలు కొఱుకకుండ జాలీ బిగింపించుట మఱవరాదు.

ఇక ప్రాణముతోను అవయవములతోను ముడిపడిన మాటలు. మూత తెరచినంతనే బ్రేకు పట్టి తొట్టి కొలది సెకనులలో నిలువవలెను. 15 సెకనులు గడచినను తిరుగుచునే యున్నచో బ్రేకు చెడినదని తెలిసికొని, బాగుచేయించువఱకు దానిని వాడరాదు. తిరుగుచున్న తొట్టిలోని చీరకొంగు వ్రేలిని చుట్టుకొనినచో వ్రేలు తెగుటకు క్షణము చాలును. తొందరలో నున్న తల్లియు, వేడుకపడు బిడ్డయు ఆ తొట్టిలో చేయి పెట్టుదురు. మూత దగ్గఱి స్విచ్చిలో పుల్ల గ్రుచ్చి, మూత లేకయే నడపు దుస్సాహసము కొన్నిచోట్ల కలదు. అది యెన్నటికిని కూడదు.

యంత్రము క్రింద నీరు కారుట మఱియొక ప్రమాదచిహ్నము. తొట్టి అడుగున ఇరుసుచుట్టు నుండు రబ్బరు తిత్తి చినిగినచో నీరు సరిగా మోటారుపై పడును. గుడ్డ పఱచి నెట్టుకొని వచ్చుట తగదు. ముట్టుకొనగానే జిల్లుమనినను, తడినేలపై నిలిచి ప్లగ్గును తాకరాదు; ముందుగా ఇంటి మెయిను స్విచ్చిని ఆపవలెను. మూడు కాళ్ళ ప్లగ్గు, సరియైన ఎర్తు, 30 మిల్లీయాంపియర్ల లీకేజికే కరెంటును త్రెంచు స్విచ్చి, ఈ మూడింటిని యంత్రము కొనునాడే అమర్పించుకొనవలెను. ఉఱుములు వినబడినప్పుడు ప్లగ్గు తీసియుంచవలెను.

డ్రయ్యరు నుండి తీసిన బట్టలను దండెముపై ఒత్తుగా వేయక, నడుమ చేతివెడల్పు ఎడముండునట్లు ఆరవేసి, కిటికీ తెరచి పంకా త్రిప్పినచో ముసురులోను అవి త్వరగా ఆరును. పొయ్యి దగ్గఱగా వేయుట అగ్నిభయము. ఒక్క గడియ యెండ కాసినను పసిగుడ్డలను, బహిష్టు వస్త్రములను ముందుగా దానికి చూపవలెను.

ఈ సంగతులు గృహిణి యొక్కతెకే తెలిసిన చాలదు. ఇంటి పురుషులును, ఎదిగిన పిల్లలును, ముఖ్యముగా మెయిను స్విచ్చి యెక్కడనున్నదో, తొట్టి నిలుచువఱకు చేయి పెట్టరాదన్న నియమమేమో నేర్చియుండవలెను. కొత్త కోడలు వచ్చిన యింటనో, బాలింతకు సాయముగా చుట్టపు స్త్రీ వచ్చిన యింటనో, యంత్రమును నడపుట చూపుటకు ముందు దాని నెట్లు ఆపవలెనో చూపుడని మా మనవి.