కారును క్రుంగించుట

స్ప్రింగులు మార్చి కారును నేల కంటునట్లు దింపించుట నేటి యువకులలో కొందఱికి వేడుక. ఆ కారులో బిడ్డలతో వెనుక కూర్చుండి వనపర్తి నుండి గద్వాలకో, నాగర్‌కర్నూలుకో పోవలసినవారము మనము గనుక, దీని సంగతి మనకును తెలియవలెను.

ధర్మరాజు రథము భూమికి నాలుగంగుళముల మీద నడచెడిదనియు, అశ్వత్థామను గూర్చి యాడిన మాటతో నేల కంటెననియు భారతమున చదివితిమి. అచ్చట రథము దిగుట గౌరవహాని. ఇచ్చట డబ్బిచ్చి దింపించుచున్నారు!

చక్రము నిట్టనిలువుగా పైకి క్రిందికి కదలదు. దానిని పట్టియున్న యినుప చేయి, ఏతము కొయ్య కొన వలె, వంపుగా తిరుగును. కారు దిగగానే ఆ చేతి వాలు మారి, చక్రము పైభాగము లోపలికి వ్రాలును. ఈ వ్రాలుటను క్యాంబర్ అందురు. స్టీరింగు కడ్డీ తిరుగు వంపు వేఱు. అందుచే ముందుచక్రముల మొగములు దగ్గఱకో యెడముగనో తొలగును. ఇది టో. కాడి కట్టిన యెడ్లు చెరియొక ప్రక్కకు లాగినట్లు, కారు ముందుకు పోవుచునే టైర్లను నేలపై రాచుచుండును. క్యాంబర్ కంటె టో యే టైరును త్వరగా తినివేయును. చాల చిన్నకార్లలో వెనుక చక్రములు ఒకే దూలమునకు బిగించియుండును గాన వానికి మార్పు స్వల్పము.

మేలు లేదనము. తగిన గట్టి స్ప్రింగులును షాక్ అబ్జార్బర్లును వేసి కొంచెమే దింపినచో మలుపులో తూలుట తగ్గును. మితిమీఱి దింపినచో ఆ చేతుల వాలు చెడి మునుపటికంటె తూలుటయు కలదు. ఉన్న స్ప్రింగులను కోయించుట మఱియు చెడ్డది. గుంటలో చక్రము వ్రేలాడినపుడు కోసిన స్ప్రింగు తన పీఠము నుండి జాఱవచ్చును; గతుకు తగిలినపుడు కారు రబ్బరు దిమ్మపై పడి యెగురును, ఆ క్షణమున టైరునకు నేలపై పట్టుండదు.

మన త్రోవ చూడుడు. పెబ్బేరు నుండి బీచుపల్లి వంతెన మీదుగా 44వ జాతీయ రహదారిపై మహావేగము. ఎర్రవల్లి అడ్డరోడ్డున గద్వాలకు తిరిగిన పిమ్మట ఊళ్లలో స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 10 సెంటీమీటర్ల యెత్తు, 3.7 మీటర్ల నిడివి. ఊరివారు తామే వేసికొనునవి ఆ కొలత నెఱుగవు. ఖాళీ చిన్నకారు అడుగు నేలకు సుమారు 17 సెంటీమీటర్ల యెత్తు. అందు 4 తగ్గించి, ఐదుగురెక్కి, పెండ్లి సామాను వేసినచో మిగులున దెంత?

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, తయారీదారు వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. 2019లో సుప్రీం కోర్టును ఆ మాటనే స్థిరపఱచినది.

టైరు లోపలి అంచు అరుగుట నిలుచుండి చూచువారికి కనబడదు. స్టీరింగు పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పించి, ఇంజను ఆపించి, ముందు టైరు లోపలి ప్రక్కను వంగి చూడుడు. వెలుపల గాళ్లు నిండుగానుండి లోపల నునుపు తేలినచో, ఆ టైరుతో ఎండకాలమున రహదారి కెక్కరాదు. అలైన్‌మెంట్ చేయించితిమనిన చాలదు. చాల చిన్నకార్లలో టో మాత్రమే సవరింప వీలగును, క్యాంబరు అట్లే నిలుచును. యంత్రము ముద్రించి యిచ్చు కాగితమున రెండంకెలను అడిగి చూడవలెను. తీసిన పాత స్ప్రింగులను పాఱవేయనీయకుడు. వానిని తిరిగి వేయించిననాడును అలైన్‌మెంట్ మరల చేయింపవలయును.