ఏటి ఒడ్డున ఓడ మరమ్మతు

ఓడకు గాయమైతే దానిని కార్ఖానాకు చేర్చాలి. ఆ కార్ఖానా రెండువేల మైళ్ళకు పైగా దూరాన ఉంటే? 1770 జూన్ నెలలో ఆస్ట్రేలియా తూర్పు తీరాన కెప్టెన్ జేమ్స్ కుక్‌కు ఎదురైన ప్రశ్న ఇదే.

వెన్నెల రాత్రి. పదకొండు గంటలు కావస్తుండగా అతని నౌక 'ఎండెవర్' పగడపు దిబ్బ నెక్కి చిక్కుకొన్నది. అప్పుడు సముద్రం పోటుమీద ఉన్నది. అంటే, అంతకంటె పెద్ద పోటు రావాలి, లేదా ఓడ తేలిక కావాలి. ఆరు ఫిరంగులు, ఇనుము, రాళ్ళు, పీపాలు మొదలైన నలభై యాభై టన్నుల బరువును సముద్రం పాలు చేశారు. (ఆ ఫిరంగులను 1969లో అక్కడే కనుగొన్నారు.) మరునాటి రాత్రి పోటుకు ఓడ తేలినది. కాని తేలడం గట్టెక్కడం కాదు. దిబ్బ దిగిన ఓడ లోతు నీట మునిగిపోవచ్చు. అధికారి, కళాసీ అనే భేదం లేకుండా అందరూ వంతులవారీగా పంపులు కొట్టారు.

అప్పుడు జొనాథన్ మంక్‌హౌస్ అనే యువకుడు, పూర్వం ఒక వర్తకనౌకలో తాను చూసిన ఉపాయాన్ని ఆచరణలో పెట్టాడు. పాత మోకులు విప్పి తీసిన పీచును, ఉన్నిని సన్నగా తరిగి కలిపి, ముద్దలుగా ఒక తెరచాపకు కుట్టించాడు. దానిపై గొర్రెపెంట పూయించి, త్రాళ్ళతో ఓడ అడుగుకు లాగించాడు. కన్నంలోకి దూసుకువచ్చే నీరే ఆ పీచును లోనికి లాగి, తన దారిని తానే మూసుకొన్నది! ఆపై ఒక్క పంపే చాలినది.

జూన్ 17న, నేటి కుక్‌టౌన్ వద్ద, ఓడ ఒక నదిలో ప్రవేశించినది. ఎండెవర్ బొగ్గు మోయడానికి కట్టిన ఓడ. సొగసు తక్కువే, కాని బల్లపరుపు అడుగు కావడం వల్ల ఒడ్డున కూర్చోగలదు. కుక్ అటువంటి ఓడలను మెచ్చినది అందుకే. పోటువేళ దానిని ఒడ్డుకు లాగారు. పాటువేళ నీరు తీయగానే గాయం బయటపడినది. నాలుగు పలకలను రాయి పనిముట్టు వలె కోసివేసినది. ఒక కన్నంలో పెద్ద పగడపు ముక్క విరిగి ఇరుక్కొని ఉన్నది. ఓడను కాపాడినది తెరచాప ఒక్కటే కాదన్నమాట.

ఒడ్డున కొలిమి వెలిసినది. కమ్మరి మేకులు సాగగొట్టాడు. వడ్రంగి జాన్ సాటర్లీ తన మనుషులతో పలకలు మార్చాడు. పని గంటలను నిర్ణయించినది సముద్రమే. పోటు చాలనందున అడుగుదూలాన్ని మాత్రం పరీక్షించలేకపోయారు. ఆ ఏరు గూగు యిమిథిర్ ప్రజలది. వారి తాబేళ్ళను అడగకుండా పట్టుకొని, ఒక్కటి కూడా పంచి ఇవ్వనందుకు వారు ఒడ్డున గడ్డికి నిప్పుపెట్టారు. వారి కోపం అన్యాయమైనది కాదు.

ఆగస్టు 4న ఓడ బయలుదేరి అక్టోబరులో బటేవియా, నేటి జకార్తా, చేరినది. అక్కడి డచ్చి కార్ఖానాలో అడుగు విప్పి చూడగా, కొన్ని పలకలు ఆరడుగుల పొడవున అంగుళంలో ఎనిమిదవ వంతు మందమే మిగిలి ఉన్నవి! అంతటి ఓడను ఆ పనివారు చక్కగా బాగుచేశారు. కుక్ వారి నేర్పును మెచ్చుకొన్నాడు.

ఏటి ఒడ్డున ఏడు వారాలలో ఒక్కడూ మరణించలేదు. బటేవియాలో మాత్రం చలిజ్వరం, రక్తవిరేచనాలు ఏడుగురిని బలిగొన్నవి. ఇరవైమందికి పైగా తిరుగు ప్రయాణంలో పోయారు. మంక్‌హౌస్, సాటర్లీ ఇద్దరూ 1771 ఫిబ్రవరిలో, ఆ బాగుపడిన ఓడలోనే కన్నుమూశారు.