వేలిముద్ర చెప్పింది... అంతవరకే!

అది 1897 ఆగస్టు. బెంగాల్లోని జల్పాయిగురి ప్రాంతంలో ఓ తేయాకు తోట. మేనేజరు తన మంచం మీదే గొంతు తెగి పడివున్నాడు. ఇనప్పెట్టెలోని కొన్ని వందల రూపాయలు మాయం. ఎవరు చేసుంటారు? మేనేజరు కఠినుడని పేరు కాబట్టి కూలీల మీద అనుమానం. బట్టల మీద నెత్తుటి మరకలున్నాయని వంటవాడి మీద అనుమానం. అయ్యగారి భోజనానికి పావురాన్ని కోశానని అతను మొత్తుకున్నాడు. పరీక్షకు పంపితే నిజంగానే అది పావురం రక్తమని తేలింది.

ఇంతలో కాగితాల పెట్టెలో లేతనీలం అట్టవేసిన బెంగాలీ క్యాలెండరు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట మీద మసగ్గా రెండు గోధుమరంగు మరకలు. భూతద్దం పెట్టి చూస్తే అందులో ఒకటి కుడిచేతి వేలిముద్ర! శిక్షపడిన వాళ్ల వేలిముద్రలను భద్రపరిచే పద్ధతి బెంగాల్ పోలీసుల దగ్గర అప్పటికే ఉంది. అక్కడ వెతికితే కంగాలీ చరణ్ అనే వ్యక్తి కుడి బొటనవేలితో సరిగ్గా సరిపోయింది. అతను ఆ మేనేజరు దగ్గరే పనిచేసి, దొంగతనం చేశాడని కేసుపడి జైలుకెళ్లినవాడు. అట్ట మీది మరక క్షీరదాల రక్తమేనని రసాయన పరీక్షకుడు ధ్రువీకరించాడు. అంతకుమించి ఆయన చెప్పలేడు. మనిషిదో మేకదో తేల్చే పరీక్ష 1901లోగానీ రాలేదు మరి.

ఇంకేముంది, ఉరే అనుకుంటాం. కానీ 1898లో కోర్టు కంగాలీని దొంగతనానికి శిక్షించి, హత్యానేరం నుంచి మాత్రం విడిచిపెట్టింది. ఆ పెట్టెలో చెయ్యి పెట్టింది అతనేనని ముద్ర చెబుతోంది. కత్తి పట్టింది కూడా అతనేనని చెప్పడం లేదుగా! కోర్టు మరీ మెతకగా పోయిందనిపించవచ్చు. అయినా ఫోరెన్సిక్ సైన్స్ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే కేసు లేదు. నేరస్థలంలో దొరికిన వస్తువు ఎంతవరకు చెబుతుందో సైన్స్ తేలుస్తుంది. మిగతాది న్యాయమూర్తి పని.

ఆ మరుసటి ఏడాదే, 1899లో, మన సాక్ష్య చట్టాన్ని సవరించి వేలిముద్రల మీద నిపుణుల అభిప్రాయానికి చోటు కల్పించారు. ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి హెన్రీ దొరగారి పేరు పడిందిగానీ, లెక్కలన్నీ కట్టి దాన్ని నిలబెట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు. ఇక విషప్రయోగాల పరీక్షల్లో మన పక్కనున్న మద్రాసుదే పెద్దరికం. 1849లోనే అక్కడ రసాయన పరీక్షశాల పెట్టారు.

డీఎన్ఏ సంగతి మరీ విచిత్రం. బ్రిటన్‌లో ఇద్దరు బాలికల హత్య కేసులో ఓ కుర్రాడు, ఒక హత్య తానే చేశానని ఒప్పేసుకున్నాడు కూడా. 1986లో అలెక్ జెఫ్రీస్ పరీక్ష చేస్తే ఆ కుర్రాడికి సంబంధమే లేదని తేలింది. అసలు హంతకుడికి శిక్షపడింది 1988లో. అంటే డీఎన్ఏ ముందు చేసిన పని నిర్దోషిని కాపాడటం! మనదేశంలో ఈ విద్యకు పునాది వేసింది హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్.

మరి ల్యాబ్ మాటకు తిరుగు లేదా? ఎందుకు లేదు! 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో, దొరికిన వేలిముద్ర తమ దేశపు న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నమ్మి అతన్ని నిర్బంధించింది. అది అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక, విడిచిపెట్టి క్షమాపణ చెప్పింది. వేలిముద్ర అబద్ధమాడలేదు. చూసినవాళ్ల కళ్లే తప్పాయి.

మనదగ్గర ఎక్కువ చిక్కు ల్యాబ్‌కు చేరకముందే వస్తుంది. రక్తంతో తడిసిన చొక్కాను ఆరబెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో మూటకడితే లోపలే కుళ్లుతుంది. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. విషం కోసం పరీక్షించాల్సిన అవయవ భాగాలను ఉప్పునీటిలో వేయాలిగానీ ఫార్మలిన్‌లో కాదు. ఆపైన లక్కముద్ర, పంచనామా, ఏ రోజు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న రాత... ఇందులో ఒక్కటి తప్పినా, ల్యాబ్ రిపోర్టు ఎంత గట్టిదైనా, ఆ సీసా అదేనా అని డిఫెన్స్ లాయరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

సినిమాల్లో చూపించే నార్కో పరీక్ష సంగతీ చెప్పుకోవాలి. మనిషి ఇష్టం లేకుండా అది చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు తేల్చేసింది. వేలిముద్రలు తీసుకోవడం మాత్రం తన మీద తాను సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే చెప్పింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులే నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయించాలని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత చెబుతోంది. ఇందుకు సిద్ధమయ్యేందుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. ఈలోగా ఊళ్లో ఏదైనా జరిగితే పోలీసులకన్నా ముందు చేరేది మనమే. గుమ్మం దగ్గరే ఆగి, ఏదీ ముట్టుకోకుండా ఫోన్ చేస్తే... ఆ బొటనవేలి గుర్తు చెరగకుండా ఉంటుంది.