బోరు ఎండకముందే... గులకరాళ్ల ఆట ఆడండి!

రైతన్నలారా! పక్క చేను ఆయన బోరు వేశాడని మీరూ వేస్తున్నారా? చీనీ చెట్లు ఎండుతున్నాయని అప్పు చేసి ఇంకా లోతుకు దించుతున్నారా? పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో బోరు కింద సేద్యం చేసేవాళ్లు ఈ ఆట ఒక్కసారి ఆడి చూడండి.

ఐదుగురు కూర్చోండి. మధ్యలో 50 గులకరాళ్లు పోయండి. అవే ఊరి భూగర్భ జలాలు. ఏటా వాన కింద 5 రాళ్లు కలపండి. ఆ తర్వాత ఆరుతడి పంట వేసే రైతు ఒక రాయి, వరి వేసే రైతు మూడు రాళ్లు తీసుకోవాలి. అందరూ వరి వేస్తే ఐదో ఏటికి కుప్ప ఖాళీ! అందరూ ఆరుతడి వేస్తే కుప్ప తరగదు.

ఇది పిల్లకాయల ఆట అనుకోకండి. 2013లో పక్కనున్న అనంతపురం జిల్లా పల్లెల్లో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ సంస్థ, పరిశోధకులు కలిసి ఇలాంటి ఆటే ఆడించారు. ఆడవాళ్లూ వేరే జట్లుగా ఆడారు. తర్వాత చూస్తే, ఆడని ఊళ్లకంటే ఆడిన ఊళ్లే ఎక్కువగా నీటి లెక్కల పుస్తకాలు, కట్టుబాట్లు పెట్టుకున్నాయి.

బోరు మీదే కావచ్చు, నీళ్లు ఊరందరివీ. రచ్చబండ దగ్గర ఆడేటప్పుడు ఆడవాళ్లనూ, బోరు లేని రైతునూ పిలవండి. రాళ్లు అయిపోతే మళ్లీ పోసుకోవచ్చు. నీళ్లు అయిపోతే?