మంచు కొండల్లో సీజన్ పని: ముందు మిర్చి చేను లెక్క చూడండి

ఈ ఎపిసోడ్ టాపిక్ మీరే ఇచ్చారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి దాదాపు ఒకటే ప్రశ్న వస్తున్నది. "అన్నా, రీల్స్‌లో చూస్తున్నం, మంచు కొండల్లో ఆర్నెల్లు హోటల్లో పని చేస్కుంట, తిరుక్కుంట డబ్బులు సంపాదిస్తున్నరు. అది నిజమేనా? మనం పోవచ్చా?"

షార్ట్‌గా చెప్పాలంటే నిజమే, పోవచ్చు. కానీ రీల్‌లో మంచు మాత్రమే కనిపిస్తది, లెక్క కనిపించదు. ఇయ్యాల ఆ లెక్క మాట్లాడుకుందాం. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోన్ని కదా, ఏ పనైనా ముందు ఇన్‌పుట్ ఎంత, అవుట్‌పుట్ ఎంత అని చూస్త.

మొదలు ఒక విషయం. సీజన్ పని అంటే మనకు తెల్వనిది కాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్ వైపు, ములుగు, భూపాలపల్లి వైపు మిర్చి చేన్లలోకి పోయి చూడండి. ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి గుంపులు గుంపులుగా వస్తరు. చేను పక్కనే పరదాలు కట్టుకొని ఉంటరు. మిర్చి ఏరుడు అయిపోంగనే పోతరు. వాళ్లు బయల్దేరే ముందే మేస్త్రిని ఐదు ప్రశ్నలు అడుగుతరు. కిలో లెక్కనా, రోజు లెక్కనా? ఉండేది ఎక్కడ? రానుపోను కిరాయి ఎవరిది? వాన పడి పని ఆగితే మా సంగతేంది? అడ్వాన్స్ ఎవరి చేతిలో ఉంటది?

ఈ ఐదు ప్రశ్నలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆల్ప్స్‌కి పోయినా ఇవే ప్రశ్నలు. తేడా ఏందంటే, ఇక్కడ చేను మనది, కైకిలి వాళ్లది. అక్కడ కొండ వాళ్లది, కైకిలి మనది.

ఇక దారుల దగ్గరికి వద్దాం.

ఎక్కువ మంది అడిగేది స్విట్జర్లాండ్. "స్విస్ హోటల్లో హెల్పర్, నెలకు మూడు లక్షలు, ఎక్స్‌పీరియన్స్ అవసరం లేదు" అని వాట్సాప్‌లో పోస్టర్ తిరుగుతది. స్విట్జర్లాండ్‌లో పాత సీజనల్ పర్మిట్ 2002లోనే పోయింది. ఇప్పుడు యూరప్ యూనియన్ దేశాల వాళ్లకు ఫ్రీగా దారి ఉంది. మనలాంటి బయటి దేశాల వాళ్లకు మేనేజర్లు, స్పెషలిస్టులు, బాగా క్వాలిఫికేషన్ ఉన్నోళ్లు అయితేనే, అదీ లిమిటెడ్ కోటాలో పర్మిట్ ఇస్తరు. హోటల్లో గిన్నెలు కడగడానికి, బెడ్‌షీట్లు మార్చడానికి ఇండియా నుంచి మనిషిని తీస్కపోయే రూల్ లేదు. అందుకే ఆ పోస్టర్ వస్తే డిలీట్ కొట్టండి. మీ కాలేజీ గ్రూప్‌లో కూడా చెప్పండి.

రెండోది ఇటలీ. ఇక్కడ దారి ఉంది. ఆల్ప్స్ కింద ట్రెంటీనో వైపు యాపిల్ తోటలు, పైన స్కీ హోటళ్లు. ఇటలీ ప్రభుత్వం బయటి దేశాల వర్కర్లకు కోటా పెడ్తది, దాన్ని 'డెక్రేతో ఫ్లూస్సి' అంటరు. వ్యవసాయం, టూరిజం హోటళ్లలో సీజనల్ పనికి గరిష్ఠంగా తొమ్మిది నెలలు. 2023 నవంబర్‌లో ఇండియా, ఇటలీ మైగ్రేషన్ ఒప్పందం చేసుకున్నయి. అందులో ఇండియా నుంచి సీజనల్ వర్కర్ల సంఖ్య 2023కు 3,000, 2024కు 4,000, 2025కు 5,000 అని రాసుకున్నరు.

కానీ వరుస గుర్తుపెట్టుకోండి. ముందు ఇటలీలో ఉన్న యజమాని మీ పేరు మీద అప్లై చెయ్యాలె. అప్పుడు 'నుల్లా ఓస్తా' అని ఒక అనుమతి కాగితం వస్తది. ఆ కాగితం వీసా కాదు. దాని మీద మళ్లీ వీసా తీసుకోవాలె. దిగినంక యజమానితోని కాంట్రాక్ట్ సంతకం కావాలె. ఆ యజమాని నిజంగా లేకపోతే, మీరు దిగిన తెల్లారి నుంచే కాగితాలు లేని మనిషి అయితరు. 2024 జూన్‌లో లాటినా అనే ఊరి దగ్గర పొలంలో ఒక పంజాబీ కూలీకి మిషన్‌లో చెయ్యి తెగింది. పని చేయించినోడు హాస్పిటల్‌కి తీస్కపోకుండ ఇంటి ముందు వదిలేసి పోయిండు. ఆ మనిషి చనిపోయిండు. ఆయనకు కాగితాలు లేవు. ఇటలీ మొత్తం రోడ్డెక్కి మాట్లాడింది. కాగితం అంటే ఆఫీసు గొడవ కాదు ఫ్రెండ్స్, దెబ్బ తగిలిన రోజు అంబులెన్స్ పిలిచే హక్కు.

మూడోది ఆస్ట్రేలియా. "ఆస్ట్రేలియాలో మంచు ఎక్కడిది అన్నా" అంటరు. ఉంది. అక్కడి కొండల పేరే ఆస్ట్రేలియన్ ఆల్ప్స్. ఎత్తైన శిఖరం కాజియస్కో, 2,228 మీటర్లు. న్యూ సౌత్ వేల్స్‌లో థ్రెడ్‌బో, పెరిషర్, విక్టోరియాలో ఫాల్స్ క్రీక్, మౌంట్ హాథమ్, మౌంట్ బులర్ అనే రిసార్టులున్నయి. అక్కడ చలికాలం మనకు వానాకాలం. జూన్ రెండో వారం నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా స్కీ సీజన్. లిఫ్ట్ దగ్గర జనాన్ని ఎక్కించే పని, కిచెన్, హౌస్‌కీపింగ్, స్కీలు కిరాయికిచ్చే షాపు, ఇవన్నీ సీజన్ పోస్టులే. సీజన్ జూన్‌లో అయినా రిక్రూట్‌మెంట్ నెలల ముందే నడుస్తది. మంచు పడ్డంక అప్లై చేస్తే లేట్.

దీనికి మన ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నోళ్లకు 2024లో కొత్త దారి తెరిచిండ్రు. వర్క్ అండ్ హాలిడే వీసా, సబ్‌క్లాస్ 462. వయసు 18 నుంచి 30. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు పూర్తయి ఉండాలె. ఇంగ్లిష్ పని జరిగేంత రావాలె, దానికి ప్రూఫ్ చూపించాలె. ఖర్చులకు దాదాపు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు, రిటర్న్ టికెట్‌కి డబ్బులు చూపించాలె. వీసా పన్నెండు నెలలు. ఒక్క యజమాని దగ్గర మామూలుగా ఆర్నెల్లకు మించి చెయ్యొద్దు.

ఇప్పుడు అసలు పాయింట్. ఏడాదికి మన దేశానికి ఇచ్చేది 1,000 వీసాలు. అందుకే లాటరీ. 2024 అక్టోబర్‌లో మొదటిసారి తెరిస్తే, రెండు వారాల్లోనే దాదాపు 40,000 మంది అప్లై చేసిండ్రని ఆస్ట్రేలియా మంత్రే చెప్పిండు. లాటరీ రిజిస్ట్రేషన్ ఫీజు 25 డాలర్లు. ఆస్ట్రేలియా ప్రభుత్వ హోం అఫైర్స్ సైట్‌లో మీరే, మీ ఫోన్‌లోనే చేసుకోవచ్చు. పేరు వస్తేనే వీసాకు అప్లై చేయమని పిలుస్తరు. కంప్యూటర్ ర్యాండమ్‌గా తీస్తది. ఏ ఏజెంటూ, ఏ ఎమ్మెల్యే లెటరూ దాన్ని కదిలించదు. "లాటరీ గ్యారంటీ" అని ఎవరన్నా అన్నరంటే, అక్కడికక్కడే లేచి రండి.

సరే, లాటరీ తగిలింది అనుకుందాం. లెక్క వేద్దాం. పెన్ను తీస్కోండి.

ఆస్ట్రేలియాలో 2025 జులై నుంచి కనీస కూలి గంటకు 24.95 డాలర్లు. మనం 25 అనుకుందాం. రిసార్టు పనికి ఆల్పైన్ రిసార్ట్స్ అవార్డ్ అని వేరే రూల్‌బుక్ ఉంటది, మీ పోస్టుకు రేటు ఎంతో అందులో చూడొచ్చు. వారానికి 38 గంటలు అయితే 950 డాలర్లు. ఈ వీసా మీద ఉన్నోళ్లకు మొదటి డాలర్ నుంచే 15 శాతం ట్యాక్స్. పోంగ దాదాపు 807. స్టాఫ్ రూమ్‌కి, తిండికి కలిపి 400 పోయింది అనుకుందాం. వారానికి 407 మిగిలింది. పదిహేను వారాల సీజన్‌కు 6,100 డాలర్లు. డాలర్ 55 రూపాయలు వేస్కుంటే మూడు లక్షల 35 వేలు.

ఖర్చు? వీసా ఫీజు ఆరు వందల డాలర్ల పైన. రానుపోను టికెట్, ఇన్సూరెన్స్, చలి బట్టలు అన్నీ కలిపి లక్షన్నర వేస్కోండి. అంటే మంచి సీజన్‌లో చేతికి లక్షా ఎనభై వేలు.

ఇప్పుడు మేస్త్రిని అడిగిన నాలుగో ప్రశ్నకు రండి. వాన పడితే మా సంగతేంది? ఇక్కడ రివర్స్, మంచు పడకపోతే మా సంగతేంది? మంచు తక్కువుంటే లిఫ్టులు బంద్, టూరిస్టులు రారు, షిఫ్టులు కట్. వారానికి 20 గంటలే దొరికితే 500 డాలర్లు, ట్యాక్స్ పోంగ 425, రూమ్, తిండి పోంగ 25 డాలర్లు. పదిహేను వారాలకు కలిపి ఇరవై వేల రూపాయలు. లక్షన్నర ఖర్చు పెట్టి ఇరవై వేలు. కొండ అదే, మీ కష్టం అదే, మబ్బు ఒక్కటే తేడా. అందుకే కాంట్రాక్ట్‌లో "వారానికి కనీసం ఇన్ని గంటలు" అనే లైన్ ఉందా లేదా చూడండి. లేకపోతే, మంచు కరిగితే తర్వాత పని ఎక్కడ అనే ప్లాన్ ముందే పెట్టుకోండి. వీసా ఏడాది కాబట్టి ఆ ఛాన్స్ ఉంది.

ఇదే లెక్కలో ఏజెంట్‌ను కలపండి. నాలుగు లక్షలు ఇచ్చిండ్రు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. నెలకు పన్నెండు వేలు మిత్తే. ఆర్నెల్లకు 72 వేలు. మంచి సీజన్ వచ్చినా రెండు లక్షల ఎనభై వేల పైన మైనస్. అంటే మీరు మంచులో నిలబడి ఏజెంట్ ఇంటికి స్లాబ్ వేసినట్టు. నాన్న ఎకరం కుదువబెట్టి పోయే పని కాదిది. ఎవరి మాటా వద్దు, ఈ ఒక్క లెక్క ఇంట్లో చూపించండి.

ఇంకోటి, చాలా మందికి తెల్వదు. అక్కడ యజమాని మీ జీతం మీద అదనంగా 12 శాతం సూపర్ అని పీఎఫ్ లాంటిది కడ్తడు. దేశం విడిచి వచ్చినంక క్లెయిమ్ చేస్కోవచ్చు. ఈ వీసా వాళ్లకు అందులో 65 శాతం ట్యాక్స్ కోస్తరు, అయినా పైన చెప్పిన మంచి సీజన్‌కు దాదాపు 500 డాలర్లు వస్తయి. 27 వేల రూపాయల పైన, వదిలెయ్యకండి. జీతం తక్కువిస్తే ఫెయిర్ వర్క్ ఆంబడ్స్‌మన్ అని ప్రభుత్వ ఆఫీసు ఉంది, వాళ్ల సైట్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు.

ఇటలీ లాంటి దారిలో ఏజెంట్ తప్పదు అనుకుంటే, మన దేశ చట్టం ఒకటి చేతిలో పెట్టుకోండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం. విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంట్‌కు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలె. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొడితే కనిపించాలె. సర్వీస్ చార్జ్ 30,000 రూపాయలు ప్లస్ జీఎస్టీ దాటొద్దు, రసీదు ఇయ్యాలె. మన రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే కంపెనీ ఉంది, ముందు వాళ్ల నోటిఫికేషన్లు చూడండి. "విజిట్ వీసా మీద పో, అక్కడ మారుస్తం" అన్న మాట వింటే లేచి వచ్చెయ్యండి. హెల్పర్ ఉద్యోగం అని రష్యాకు తీస్కపోయి యుద్ధంలో నిలబెట్టిన సంగతి 2024లో మనం వార్తల్లో చూసినం. అందులో మన తెలంగాణ పిల్లలు కూడా ఉన్నరు.

ఇదంతా విని "మనతోని అయ్యే పని కాదు" అనుకోకండి. మొదటి కొండ మన పక్కనే ఉంది. జనగామలో సికింద్రాబాద్ పోయే ట్రైన్ ఎక్కితే దారిలోనే భువనగిరి గుట్ట. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ గురుకుల పిల్లలు. వాళ్ల ట్రైనింగ్ మొదలైంది ఆ గుట్ట మీదనే. తర్వాతే డార్జిలింగ్. డార్జిలింగ్‌లో 1954 నుంచి, ఉత్తరకాశిలో 1965 నుంచి పర్వతారోహణ సంస్థలు ఉన్నయి. దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్స్ చేస్తరు. ట్రెక్ లీడర్‌గా సీజన్ పని చెయ్యాలనుకునేటోళ్లకు ఆ సర్టిఫికెట్ అసలైన రెజ్యూమె. మనాలి, స్పితి వైపు హాస్టళ్లలో వాలంటీర్‌గా బెడ్డు, తిండి ఇచ్చి రోజుకు కొన్ని గంటలు పని చేయించుకుంటరు. జీతం ఉండదు, కానీ చలికి మీ ఒళ్లు ఎట్లుంటదో అప్పు లేకుండ తెలుస్తది.

అక్కడ రెండు జాగ్రత్తలు. లేహ్ లాంటి చోటికి, అంటే 3,500 మీటర్ల ఎత్తుకు ఫ్లైట్‌లో దిగితే మొదటి రెండు రోజులు పని వద్దు, పరుగు వద్దు. తలనొప్పి, వాంతులు తగ్గకుండ పెరుగుతుంటే గోలీ వేస్కొని పైకి పోవద్దు, కిందికి దిగాలె. రెండోది నీళ్లు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకపోయిండ్రు. నది ఎండినట్టే ఉండె, పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలిండ్రు. కొండల్లో నది మన చెరువు లెక్క కాదు. డ్యామ్ కింద రాళ్ల మీద ఫొటో కోసం దిగొద్దు, ఎంత తక్కువ నీళ్లున్నా సరే.

ఇక మీ పని ఒకటే. వయసు, చదువు సరిపోతే 462 లాటరీ ఎప్పుడు తెరుస్తరో ఆ ప్రభుత్వ సైట్‌లో చూస్కుంట ఉండండి. ఖర్చు 25 డాలర్లే. తగలకపోతే పోయేది అంతే. తగిలితే ఐదు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాపిచ్చుకున్నంకనే టికెట్ బుక్ చెయ్యండి. మన చేన్ల మిర్చి ఏరే అక్క కూడా అవన్నీ అడిగే బండెక్కుతది.

వచ్చే ఎపిసోడ్‌లో విదేశీ కాంట్రాక్ట్ కాగితం లైన్ లైన్ ఎట్ల చదవాల్నో చూద్దాం. మీ దగ్గర ఆఫర్ లెటర్ ఉంటే పేరు, పాస్‌పోర్ట్ నంబర్ చెరిపేసి పంపండి. ఉంటా మరి.