కారు ఇచ్చి... కారు పుచ్చుకుని!

జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర కాసేపు నిలబడితే చాలు. బంతిపూల దండ వేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు నలిపి బయల్దేరే కొత్త కార్లు కనిపిస్తూనే ఉంటాయి. మరి ఆ ఇంటి పాత కారు ఏమైనట్టు? చాలావరకు అది షోరూమ్ వెనక పార్కింగ్‌లో ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారన్నమాట!

ఒకప్పుడు పాత కారు అమ్మాలంటే తెలిసిన మెకానిక్కో, బ్రోకరో దిక్కు. 2001లో మారుతి 'ట్రూ వ్యాల్యూ' మొదలుపెట్టాక కంపెనీ షోరూములే పాతవాటినీ కొనడం మనకు అలవాటైంది. ఫిల్మ్‌నగర్‌లో అయితే దీనికి ఇంకో ముచ్చట తోడు... 'ఫలానా హీరో వాడిన బండి' అని ధర పెంచి చెప్పడం. హీరో ఎక్కాడని బ్రేకులు అరగకుండా ఉండవు కదా. అలా చెప్పినప్పుడు ముందు ఆర్‌సీలో ఎవరి పేరుందో చూడాలి.

సరే, మీ కారుకు షోరూమ్ వాళ్లు ధర ఎలా కడతారు? వాళ్ల మనిషి వచ్చి తలుపుల రబ్బరు బీడింగ్ లాగి వెల్డింగు గుర్తులు చూస్తాడు. చిన్న మీటరు ఆనించి పెయింటు మందం కొలుస్తాడు. ఎక్కువ ఉందంటే ఎప్పుడో సొట్ట తీసి రంగు వేశారని లెక్క. రీడింగ్ తిప్పేశారా అన్నది సర్వీసు రికార్డుతో తేలిపోతుంది. తాను అమ్మబోయే ధరలోంచి రిపేర్లు, లాభం, ఆ లాభం మీద కట్టాల్సిన 18 శాతం జీఎస్టీ తీసేసి మీకో అంకె చెబుతాడు. బయటి ధర కన్నా అది తక్కువే ఉంటుంది. తిరుగుడు తప్పినందుకు మీరిచ్చే రుసుము అనుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో పాతవాటి ధరలూ దిగాల్సి వచ్చింది.

బేరంలో అసలు చిక్కు రెండు లెక్కలు కలిపేయడం. పాత కారుకు ఇరవై వేలు ఎక్కువ ఇస్తున్నట్టు చూపి, కొత్తదాని డిస్కౌంటులో అంతే కోస్తే మీకు మిగిలేది సున్నా. అందుకే ఎక్స్ఛేంజ్ మాట ఎత్తకముందే కొత్త కారు ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోవాలి. ఎక్స్ఛేంజ్ బోనస్ సంగతి ఆ తర్వాతే. బీమాలో 'నో క్లెయిమ్ బోనస్' కూడా చాలామంది వదిలేస్తుంటారు. అది కారుది కాదు, యజమానిది. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లకు కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఇరవై వేలైతే పదివేలు మిగిలినట్టే. పాత బీమా కంపెనీ నుంచి దానికి లెటర్ తెచ్చుకోవాలి.

డబ్బు సంగతి అలా ఉంచితే... నిజంగా భయపడాల్సింది సంతకం దగ్గర. 'ఫారం 29, 30 మీద ఇక్కడ సంతకం పెట్టండి సార్, మిగతాది మేం చూసుకుంటాం' అంటారు. ఖాళీ కాగితాలతో బండి చేతులు మారుతూ పోతుంది. ఆర్‌సీలో మాత్రం మీ పేరే! సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ కేసు ఇలాంటిదే. 2007లో అమ్మేసిన కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. 2009లో దానివల్ల జరిగిన ప్రమాదంలో ఒకరు చనిపోయారు. రికార్డులో ఉన్నది మొదటి యజమాని పేరు కాబట్టి పరిహారం బాధ్యత ఆయనదేనని 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేశానన్న వాదన నిలవలేదు.

ఆ తర్వాత 2023 ఏప్రిల్ 1 నుంచి ఓ మంచి నిబంధన వచ్చింది. పాత బండ్లు కొనే డీలరు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. మీరు బండి అప్పగించగానే ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలరుదే. ఆ పత్రం ఉందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. లేదంటే పేరు మారేదాకా వెంటపడాల్సిందే. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం. హైదరాబాద్ కారు గుంటూరుకో, రాజమండ్రికో పోయిందంటే... 2014 నుంచి అది వేరే రాష్ట్రం కాబట్టి ఎన్‌ఓసీ కూడా కావాలి. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే ఫారం 35 ఇచ్చి తీయించాలి. ఫాస్టాగ్ మాత్రం ఆరోజే మూసేయించండి.

ఇక తాళం ఇచ్చేటప్పుడు డెలివరీ రసీదు అడిగి తీసుకోవాలి. అందులో తేదీ పక్కన టైము కూడా రాయించండి. ఆరింటికి మీరిచ్చిన కారుకు ఏడింటికి చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర చలానా పడితే, అది ఎవరు కట్టాలో తేల్చేది ఆ టైమే.