శరణార్థులకు వాక్య పరిచర్య: బర్మా తెలుగువారి అనుభవము, నెల్లూరు తీరము నేర్పిన క్రమము

యుద్ధము వలన ఇల్లు విడిచి వచ్చిన వారి యొద్దకు పరిశుద్ధ గ్రంథముతో వెళ్ళు సేవకుడు మొదట ఏమి చదవాలి? ఏమి వాగ్దానము చేయకూడదు? తెలుగు సంఘ చరిత్రలోని రెండు సంఘటనల వెలుగులో ఈ ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1. బర్మా నుండి వచ్చినవారు

1931 జనగణన నాటికి బర్మాలో లక్షకు పైగా తెలుగువారు ఉన్నారు. కోరంగి రేవు పేరును బట్టి వారిని అక్కడ కోరంగీలు అనేవారు. అనేకులు రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలిపని చేసేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరము జపానువారి వశమైనది. ఓడలో చోటు దొరకనివారు అరకాను కొండల మీదుగా, మణిపూరు అడవుల గుండా కాలినడకన బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి వలన వేలమంది దారిలోనే చనిపోయారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. తీరవాసులు భయపడి లోపలి గ్రామములకు తరలిపోయారు. ఆశ్రయము ఇవ్వవలసినవారే ఆశ్రయము వెదకినారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వము ఏర్పడి, వ్యాపారములను జాతీయము చేసిన పిమ్మట మరల వేల కుటుంబములు తిరిగి వచ్చాయి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు అందుకు సాక్ష్యము.

2. అన్నము వేరు, బాప్తిస్మము వేరు

1840లో శామ్యూల్ డే నెల్లూరులో బాప్తిస్టు పరిచర్యను స్థాపించారు. 1876-78 కరువులో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పని తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. బోధకులే మేస్త్రీలై, విశ్రాంతి వేళలో వాక్యము చెప్పారు. అయితే కరువు సహాయము జరుగుచున్న కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. అన్నము కొరకు ఎవరును విశ్వాసము ఒప్పుకొనకూడదని వారి తలంపు. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము తరచుగా స్మరిస్తాము. దానికి ముందున్న నిరీక్షణ కాలమును మరచిపోతాము. శరణార్థుల మధ్య మనకు మొదటి నియమము ఇదే.

3. విలాపమునకు చోటు

సుమారు పాతికేళ్ళ క్రితము ఒక ప్రార్థన కూటములో నేను రోమా 8:28 ఆధారముగా ప్రసంగించాను. బాల్యములో బర్మా నుండి నడచి వచ్చిన ఒక పెద్దాయన తరువాత నాతో, “అయ్యగారూ, మా చెల్లెల్ని దారిలో వదిలేసి వచ్చాము. ముందు ఏడ్చినవాళ్ళ మాట చదవండి, దీవెన తరువాత చదువుదురు గాని” అన్నారు. నాకు సమాధానము దొరకలేదు. విలాపవాక్యములు, 137వ కీర్తన పరిశుద్ధ గ్రంథములో ఎందుకున్నవో ఆ దినమున గ్రహించాను. నా వాక్యభాగము సత్యమే. చదివిన సమయము తప్పు.

4. అబద్ధపు నిరీక్షణ వద్దు

చెరలోనికి పోయినవారు రెండేండ్లలో తిరిగి వస్తారని హనన్యా ప్రవచించాడు (యిర్మీయా 28). యిర్మీయా అట్లు చెప్పలేదు. ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, తాము నివసించు పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుమని వ్రాశాడు (29:5-7). యుద్ధానంతరము బర్మాకు తిరిగి వెళ్ళి, ఇరవై ఏండ్లు గడవకముందే మరల బయలుదేరవలసి వచ్చిన కుటుంబములకు ఈ భేదము బాగుగా తెలుసు. “త్వరలో అంతా బాగవుతుంది” అనునది నిరీక్షణ కాదు. దేవుడు ఈ క్రొత్త ఊరిలోను తోడున్నాడనునదే నిరీక్షణ.

5. స్థానికులకును అదే వాక్యము

వచ్చినవారికి మాత్రమే బోధించి, ఊరివారిని విడిచిపెట్టిన పరిచర్య సగమే. తామును ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారని ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేయబడినది (లేవీయకాండము 19:34). 1942 ఏప్రిల్‌లో మూటలు కట్టుకొని పరుగెత్తిన తీరవాసుల పిల్లలకు, మనుమలకు ఈ మాట క్రొత్తది కాకూడదు. శిశువైన యేసు కూడా ఐగుప్తునకు తీసికొని పోబడిన శరణార్థియే (మత్తయి 2:13-15).

కాబట్టి ప్రియ సహసేవకులారా, ముందు విందాము, వారితో కలిసి ఏడ్చుదాము, షరతు లేకుండా అన్నము పెట్టుదాము. అప్పుడు గ్రంథము తెరచి సత్యమైన నిరీక్షణను చదువుదాము.